మినీ కూపర్ ఎస్ 4,800 డాలర్లకే వస్తోంది, తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాను. ఎంఎస్ అయ్యాక మార్చిలో ఉద్యోగం వచ్చింది, ఆఫీసు ప్లేనోలో. ఇన్నాళ్లూ రూమ్మేట్ కారులో నెట్టుకొచ్చాను. చిన్నప్పట్నుంచీ మినీ కూపర్ అంటే పిచ్చి. 2009 మినీ కూపర్ ఎస్ ఒకటి చూశాను. ఆటోమేటిక్, ఎర్ర రంగు, తెల్ల టాప్, 92,000 మైళ్లు తిరిగింది. ఓనరు 4,800 డాలర్లు చెబుతున్నాడు. నా దగ్గర అన్నీ కలిపి 7,500 ఉన్నాయి. ఫ్రెండ్స్ అంతా కొరొల్లా కొనుక్కోమంటున్నారు. తెలిసిన మెకానిక్ ఒకాయన టయోటా, హోండా బండ్లు చేస్తాడు, వచ్చి చూస్తానన్నాడు. ఆయన చూస్తే చాలదా? ఇంకేం చూసుకోవాలి?

సమాధానం: ఆ కారు వదిలేయండి. మినీ కొనొద్దని చెప్పడం లేదు. మీ దగ్గరున్న డబ్బులోనే మంచి మినీ దొరుకుతుంది, ఎలా పట్టుకోవాలో కింద రాస్తున్నాను. కానీ ఉద్యోగానికి రోజూ తిప్పాల్సిన ఒకే ఒక్క బండిగా 2009 కూపర్ ఎస్ కొంటే మీ పొదుపు మొత్తం దానికే పోతుంది.

బీఎండబ్ల్యూ వాళ్లు 2001లో మినీని మళ్లీ తెచ్చినప్పుడు 1959 నాటి పాత మినీ రూపురేఖలే ఉంచారు. గుండ్రటి లైట్లు, పొట్టి ముక్కు, నాలుగు మూలలకూ జరిపిన చక్రాలు. ఆ తర్వాత మోడళ్లు మారినా ఆ ముఖం మాత్రం మార్చలేదు. అందుకే 2008 బండినీ 2013 బండినీ పక్కపక్కన నిలబెడితే కొత్తవాళ్లకు తేడా తెలియదు. అసలు తేడా అంతా బానెట్ కింద ఉంది. వాడిన మినీ కొనేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది అందులో ఏ ఇంజిన్ ఉందన్నది. రంగు, మైళ్లు, ధర ఆ తర్వాతే.

2007 నుంచి 2013 దాకా వచ్చిన రెండు డోర్ల మినీల్లో నాలుగు ఇంజిన్లున్నాయి. నాలుగూ 1.6 లీటర్లవే, బీఎండబ్ల్యూ, పెజో-సిట్రోయెన్ కలిసి తయారుచేసుకున్నవే. 2010 మోడల్ దాకా మామూలు కూపర్‌లో ఎన్12, కూపర్ ఎస్‌లో టర్బో ఉన్న ఎన్14. 2011 మోడల్ నుంచి కూపర్‌లో ఎన్16, కూపర్ ఎస్‌లో ఎన్18. మీరు చూసిన బండిలో ఉన్నది ఎన్14. నాలుగింటిలో ఎక్కువ తలనొప్పులు తెచ్చేది అదే.

ఆ ఇంజిన్‌లో వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. ఎన్14 ఆయిల్ బాగా తాగుతుంది. పైగా కంపెనీ చెప్పిన ఆయిల్ మార్పిడి గడువు చాలా ఎక్కువ, 10,000 మైళ్లు దాటినా పర్వాలేదన్నట్టే ఉండేది. ఆయిల్ మట్టం పడిపోతోందని చెప్పే లైటు డ్యాష్‌బోర్డులో లేదు. ఉన్నది ప్రెషర్ లైటు ఒక్కటే, అది వెలిగేసరికి ఆలస్యమైపోతుంది. మొదటి ఓనరు డిప్‌స్టిక్ తీసి చూసే అలవాటు లేనివాడైతే ఇంజిన్ ఏళ్ల తరబడి తక్కువ ఆయిల్‌తో నడిచి ఉంటుంది. చైన్ వదులై ప్లాస్టిక్ గైడ్లను కొడుతుంది, గైడ్లు విరుగుతాయి. విరిగిన ముక్కలు కింద ఆయిల్ పాన్‌లో పడి, ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడతాయి. దాంతో ప్రెషర్ ఇంకా పడిపోతుంది. చైన్ ఒకటి రెండు పళ్లు జారిందంటే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోవచ్చు. అప్పుడు చాలాసార్లు ఇంజినే మార్చాల్సి వస్తుంది.

ఎన్14తో ఉన్న చిక్కు అదొక్కటే కాదు. హై ప్రెషర్ ఫ్యుయెల్ పంపు పోతుంటుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు చాలాసేపు తిరిగి తిరిగి అంటుకుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఈ పంపుకు కంపెనీ వారంటీని 10 ఏళ్లు లేదా 120,000 మైళ్ల దాకా పొడిగించింది కానీ 2009 బండికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పడే రకం కాబట్టి ఇన్‌టేక్ వాల్వులను కడిగే పెట్రోలు ఉండదు, వాటి వెనక నల్లటి మసి గట్టిపడుతుంది. 40, 50 వేల మైళ్లకోసారి వాల్‌నట్ పెంకుల పొడి కొట్టి శుభ్రం చేయించాలి. టర్బోకు ఆయిల్ తీసుకెళ్లే సన్నటి పైపు వేడికి లీకవుతుంది. 2007 నుంచి 2011 దాకా వచ్చిన టర్బో మినీలకు 2012లో ఒక రీకాల్ (కంపెనీయే ఉచితంగా బాగుచేసి ఇస్తానని బండ్లను వెనక్కి పిలవడం) కూడా వచ్చింది: టర్బోను చల్లబరిచే చిన్న నీళ్ల పంపు సర్క్యూట్ వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉందని. ఏ బండికి రీకాల్ పని పెండింగ్‌లో ఉందో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) కొడితే ఉచితంగా తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క వేసుకోండి. బండికి 4,800, టెక్సాస్ అమ్మకపు పన్ను 6.25 శాతం చొప్పున 300. మంచి షెడ్డులో చైన్, టెన్షనర్, గైడ్లు అన్నీ మార్పిస్తే అటూఇటూగా 1,500. ఫ్యుయెల్ పంపుకు పని కూలీతో కలిపి 900 దాకా. మీ ఏడున్నర వేలూ అక్కడికే సరి. నీళ్ల పంపు, థర్మోస్టాట్, మసి శుభ్రం చేయడం, టైర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. అవన్నీ ఒకేసారి రావు, నిజమే. కానీ 92,000 మైళ్ల దగ్గర పాత ఓనరు ఇవేవీ చేయించకుండా అమ్ముతున్నాడంటే ఆ ఖర్చులన్నీ మీ వాటాకే వస్తాయి. చైన్ మార్పించామని ఆయనంటే బిల్లు చూపించమనండి. బిల్లులో టెన్షనర్ ఒక్కటే కనిపిస్తే ఆ పని సగమే అయిందని అర్థం. సాగిపోయిన చైనూ, అరిగిన గైడ్లూ లోపల అలాగే ఉంటాయి.

మీకు నేను చెప్పేది 2012 లేదా 2013 కూపర్. ఎస్ లేనిది, టర్బో లేనిది, ఎన్16 ఇంజిన్ ఉన్నది. 121 హార్స్ పవర్ అంటే ఎస్ కన్నా తక్కువే, కానీ ఇర్వింగ్ నుంచి ప్లేనో వెళ్లడానికి పుష్కలంగా సరిపోతుంది. ఇందులో పెట్రోలు ఇన్‌టేక్ పోర్టులో పడుతుంది కాబట్టి వాల్వుల మసి బాధ లేదు. టర్బో లేదు, హై ప్రెషర్ పంపు లేదు. అంటే పాడయ్యే ఖరీదైన వస్తువులు సగానికి సగం తగ్గాయి. గేరు బండి నడపడం వస్తే మాన్యువల్ వెతకండి. మన ఊళ్లో డ్రైవింగ్ నేర్చుకుని వచ్చినవాళ్లకు అది కొత్త కాదు. ఇక్కడ మాన్యువల్ కొనేవాళ్లు తక్కువ కాబట్టి బేరమాడే వీలుంటుంది. ఆటోమేటిక్ అయితే ఐసిన్ ఆరు గేర్లది. అది మొండిదే. కాకపోతే గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్న మాట నమ్మి ఎవరూ మార్చరు. 60,000 మైళ్ల దగ్గర మార్చినట్టు బిల్లుంటే ఆ బండి మంచి చేతుల్లో ఉందనుకోవచ్చు.

ఏడాది విషయంలో ఓనరు మాట మీద ఆధారపడకండి. విన్ నంబర్‌లో పదో అక్షరం మోడల్ ఏడాది చెబుతుంది: 9 అంటే 2009, ఏ అంటే 2010, బీ 2011, సీ 2012, డీ 2013. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద తయారైన నెల కూడా ఉంటుంది. వెనక లైట్లు ఎల్‌ఈడీలైతే 2011 లేదా ఆ తర్వాతి మోడల్. అయితే లైట్లు మార్చుకోవడం ఎవరికైనా తేలికే కాబట్టి విన్ చూశాకే నమ్మండి.

కాస్త ఆగి ఇంకో రెండు వేలు కూడబెట్టగలిగితే 2014 నుంచి వచ్చిన రెండు డోర్ల కూపర్ ఇంకా మేలు. దానిలో మూడు సిలిండర్ల 1.5 లీటర్ టర్బో ఇంజిన్ పూర్తిగా కొత్తది, పాత చైన్ గొడవ దానికి లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే పొరపడతారు: మినీలోనే వేరే ఆకారాల్లో వచ్చిన 2014 క్లబ్‌మ్యాన్, 2015 కన్వర్టిబుల్, 2016 దాకా వచ్చిన కంట్రీమ్యాన్ కొత్త ఏడాదివే అయినా వాటిలో ఉన్నవి పాత తరం ఇంజిన్లే. 2002 నుంచి 2006 దాకా వచ్చిన మొదటి తరం అగ్గువకు దొరుకుతుంది గానీ, ఆ కూపర్ ఆటోమేటిక్‌లలోని సీవీటీ (విడివిడి గేర్లు లేని) గేర్‌బాక్స్ జోలికి వెళ్లకండి. మాన్యువల్ అయినా ఇరవై ఏళ్లు దాటిన బండి. ఇంట్లో రెండో కారుంటేనే దాని మాట.

మెకానిక్ సంగతి. టయోటాలు చేసే ఆయన మంచి పనివాడే కావచ్చు. కానీ మినీ ఇంజిన్‌లో ఏ శబ్దం మామూలు, ఏది ప్రమాదం అన్నది రోజూ ఆ ఇంజిన్లు విప్పేవాళ్లకే చెవికి తెలుస్తుంది. డల్లాస్ చుట్టుపక్కల బీఎండబ్ల్యూ, మినీ మాత్రమే చేసే చిన్న షెడ్లున్నాయి. కొనేముందు తనిఖీకి 150, 200 డాలర్లు తీసుకుంటారు. కూలంట్ ప్రెషర్ టెస్ట్, కంప్రెషన్ టెస్ట్ చేయమని, బండిని లిఫ్ట్ మీద ఎత్తి ఆయిల్ లీకులు చూడమని అడగండి. తనిఖీకి తీసుకెళ్లనివ్వనన్న ఓనరు దగ్గర కొనొద్దు.

షెడ్డుకు వెళ్లే ముందు మీరే చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. ముందురోజే ఓనరుకు చెప్పండి, మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. పొద్దున్నే వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మర్యాదగా ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ అంతటా చేరిపోయి చైన్ శబ్దం అణగిపోతుంది. అందుకే ముందే వేడి చేసి చూపించిన బండి గురించి మీకేమీ తెలియనట్టే.

చల్లగా ఉంటే స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ తీయండి. తుడిచి, మళ్లీ ముంచి తీయండి. ఆయిల్ పై గీతకూ కింది గీతకూ మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి. కింది గీత దగ్గరో, అసలు అంటకుండానో ఉంటే ఆ బండి ఎంత శుభ్రంగా మెరుస్తున్నా వదిలేయండి. అమ్మకానికి పెట్టినప్పుడు కూడా ఆయిల్ చూడని మనిషి ఎప్పుడూ చూసి ఉండడు. ఆయిల్ పోసే మూత తిప్పి లోపల చూడండి. పలచటి గోధుమ రంగు పూత మామూలే, నల్లటి జిగురు ముద్ద ఉంటే ఆయిల్ సరిగ్గా మార్చలేదు.

ఇప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఇంజిన్ ప్యాసింజర్ వైపు చివరకు దగ్గరగా పట్టుకోండి. ఓనరును స్టార్ట్ చేయమనండి. మొదటి పది సెకన్లు ముఖ్యం. టిక్ టిక్ మని సన్నగా వస్తే అది ఇంజెక్టర్లదీ వాల్వులదీ, భయం లేదు. గోలీలున్న డబ్బా ఊపినట్టు గడగడా వచ్చి మెల్లగా తగ్గితే అది చైన్. ఎన్12, ఎన్16లలో ఇది తక్కువే గానీ ఆయిల్ ఎండబెట్టిన బండిలో వాటికీ వస్తుంది. ఆ రికార్డింగ్ తర్వాత షెడ్డులో వినిపించండి.

ఇంజిన్‌ను పది నిమిషాలు అలాగే నిలకడగా నడవనిచ్చి, మీరు వెనక నిలబడి, ఒక్కసారి 3,000 ఆర్‌పీఎం దాకా ఎక్సలరేటర్ తొక్కమనండి. నీలి పొగ గుప్పున వస్తే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి, ఆయిల్ లోపలికి కారుతోంది. టర్బో లేని ఇంజిన్లలో కూడా వచ్చే జబ్బే ఇది. బండి ధర నుంచి కనీసం వెయ్యి డాలర్లు తగ్గించకపోతే దాన్ని ముట్టుకోవద్దు.

పొగ చూశాక ఇంజిన్ ఆపి, టార్చి వేసి డ్రైవర్ వైపు ఇంజిన్ చివర చూడండి. నాలుగైదు రబ్బరు గొట్టాలు వచ్చి కలిసే నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, అదే థర్మోస్టాట్ హౌసింగ్. ఈ తరం మినీలన్నింటిలోనూ ఇది పగులుతుంది. టెక్సాస్ ఎండకు ఇంకొంచెం ముందే. దాని కింద, గేర్‌బాక్స్ పైన, ఎండిన కూలంట్ తెల్లగానో నీలంగానో ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తే లీకు ఉన్నట్టే. దాన్ని మార్చేటప్పుడు ఇంజిన్ వెనకనుంచి నీళ్ల పంపు దాకా వెళ్లే ప్లాస్టిక్ పైపునూ, పంపునూ కూడా ఒకేసారి మార్పించండి. మూడింటి వయసూ ఒకటే, విడివిడిగా చేయిస్తే ఒకే కూలీ మూడుసార్లు కట్టినట్టవుతుంది. కూలంట్ ట్యాంకు అతుకు దగ్గర కూడా మరకలు చూడండి. ముందువైపు ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ లీకైతే ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి కాలిన వాసన వస్తుంది. అది పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది.

లోపల కూర్చుని అన్నీ నొక్కి చూడండి. మినీ డోర్ అద్దాలకు ఫ్రేము ఉండదు. డోర్ తీయగానే అద్దం కొద్దిగా కిందికి దిగి, మూయగానే పైకి ఎక్కాలి. అద్దాలు, లైట్లు, లాకులు సరిగ్గా స్పందించకపోతే ఫుట్‌వెల్ మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె పోయి ఉండొచ్చు. బ్యాటరీ డౌన్ అయినప్పుడు జంప్ స్టార్ట్ చేస్తే ఇది చచ్చిపోవడం మినీల్లో మామూలే. కాళ్ల కింద కార్పెట్ వేలితో నొక్కండి. తడిగా ఉంటే సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టాలు మూసుకుపోయాయి, లేదా బండి వరదలో మునిగింది. సీటు బోల్టుల మీద తుప్పు, బెల్టును పూర్తిగా లాగితే మట్టి చారలు కనిపిస్తే రెండోదే నిజం. హ్యూస్టన్ వైపునుంచి వచ్చిన బండ్లకు ఇది తప్పకుండా చూడాలి.

నడిపి చూసేటప్పుడు హైవే ఎక్కండి, గుంతల రోడ్డులోనూ తిప్పండి. ముందు చక్రాల దగ్గర డబ్ డబ్ మంటే అరిగినవి చక్రాలను పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు. ఆటోమేటిక్‌లో రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఆర్‌పీఎం ఊరికే పైకి లేచినా, ఆగేటప్పుడు వెనకనుంచి తోసినట్టు కుదుపు వచ్చినా వద్దు. మాన్యువల్‌లో నాలుగో గేరులో తక్కువ వేగంలో ఉండి గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగబాకి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది.

పాతిక ముప్పై డాలర్ల బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివేది) ఒకటి కొనుక్కోండి. చెక్ ఇంజిన్ లైటు లేదని సంబరపడకండి, కోడ్‌లు నిన్న రాత్రే చెరిపేసి ఉండొచ్చు. యాప్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి, చూడండి. ఒకటికి మించి పూర్తికాలేదని చూపిస్తే ఎవరో ఈమధ్యే కోడ్‌లు తుడిచి ఉండొచ్చు. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో సొంత వాహనాలకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ డల్లాస్, టారంట్, కాలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతున్న బండి అందులో ఫెయిలవుతుంది, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగిపోతుంది.

కాగితాల విషయంలో టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీదున్న పేరు, అమ్మే మనిషి ఐడీ మీద పేరు ఒకటే అయి ఉండాలి. తమ్ముడి బండి, స్నేహితుడి బండి అంటే కొనొద్దు. టైటిల్ మీద శాల్వేజ్ (ప్రమాదంలోనో వరదలోనో బాగా దెబ్బతిన్నది) లేదా రీబిల్ట్ (అలాంటిదాన్ని మళ్లీ బాగుచేసినది) అని ఉందేమో, బ్యాంకు లోను మిగిలి ఉందేమో చూడండి. డబ్బు చేతులు మారే రోజున ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి టైటిల్ మార్పిడి దరఖాస్తు అయిన 130-యు ఫారం మీద సంతకాలు చేసి అక్కడే టైటిల్ మార్పించుకోవడం అన్నిటికన్నా క్షేమం. లేదంటే 30 రోజుల్లోగా మీరు మార్పించుకోవాలి. పన్ను మీరిచ్చిన ధర మీదే పడుతుందనుకోకండి. ఆ మోడల్‌కు రాష్ట్రం లెక్కగట్టిన విలువలో 80 శాతం మీ ధరకన్నా ఎక్కువైతే, ఆ ఎక్కువ మొత్తం మీదే 6.25 శాతం కట్టాలి.

పన్నుతో కలిపి బండి 5,500 లోపు తీసుకోండి. మిగతా రెండు వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఆ రెండు వేలు మిగలకపోతే ఈ ఏడాదికి మీ ఫ్రెండ్స్ చెప్పిన కొరొల్లానే మంచిది. మినీ అంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా కొత్త ఉద్యోగంలో నెలకు రెండుసార్లు టో ట్రక్ పిలుచుకుంటే దాన్ని తిట్టుకోవడం మొదలుపెడతారు, అలా కావడం నాకిష్టం లేదు.

కొన్న వారంలోనే ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01 ఆమోదం ఉన్న 5డబ్ల్యూ-30 మాత్రమే వాడాలి, ఆ మాట డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ తర్వాత ప్రతి 5,000 మైళ్లకూ మార్చండి, పెట్రోలు రెండుసార్లు కొట్టించేసరికి ఒకసారైనా డిప్‌స్టిక్ చూడండి, డిక్కీలో ఒక క్వార్ట్ ఆయిల్ డబ్బా ఎప్పుడూ ఉంచండి. పెట్రోలు ప్రీమియమే, టెక్సాస్ పంపుల్లో 93 అని ఉండేది. చాలా మినీలు గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లతో వస్తాయి, డిక్కీలో స్టెప్నీ ఉండదు. టైరు పక్కన డాట్ నంబర్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, ఏడాది చెబుతాయి: 2318 అంటే 2018లో 23వ వారం. ఆరేళ్లు దాటినవి ఎంత లోతు గాడులున్నా మార్చాలి. మామూలు టైర్లకు మారితే ప్రయాణం మెత్తబడుతుంది, ఖర్చూ తగ్గుతుంది. అప్పుడు మాత్రం పంక్చర్ కిట్టూ, చిన్న గాలి పంపూ కొని డిక్కీలో పెట్టుకోండి.